రేపు మళ్ళీ అడుగుతాను

పొద్దున ఆరున్నరకు ఫోను మోగింది. అవతల టీచరమ్మ చెల్లెలు. "అక్క నిద్రించిందమ్మా," అన్నది. అప్పటికి నాలుగు రోజులుగా టీచరమ్మకు కంటి మీద కునుకు లేదు. "పోనీలే చిన్నమ్మా, లేపబాకండి. కట్టు పదింటికి మారుస్తాలే," అని చెప్పి ఫోను పెట్టేశాను. పెట్టేసి ఇడ్లీ పాత్ర పొయ్యి మీదికి ఎక్కించాను. ఆవిరి వచ్చేదాకా నాకు తట్టలేదు. చనిపోవడాన్ని వాళ్ళు, క్రైస్తవులు, నిద్రించడం అంటారు. పుట్టినప్పటినుంచి వాళ్ళ పక్కన బతుకుతున్నదాన్ని, ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఆ పూట మాత్రం ఉన్నది ఉన్నట్టు చెవికెక్కింది. పొయ్యి కట్టేసి సంచీ తీసుకుని బయల్దేరాను.

మాది తోటపల్లి గూడూరు మండలంలో ఒడ్డు మీది పాలెం. మా ఇళ్ళలో అందరిదీ చేపల వేటే. టీచరమ్మ ఇల్లు రొయ్యల గుంటలు దాటాక రోడ్డు పక్కన, ప్రార్థన మందిరానికి ఆనుకుని ఉంటుంది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. మిషన్ బడిలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి, రిటైరయ్యాక భర్త పోయిన చెల్లెలితో కలిసి ఉండేది. నేను నెల్లూరులో ఒక నర్సింగ్ హోంలో ఇరవై ఏళ్ళు ఆయాగా చేసి, గాయాలు కడగడం, కట్లు కట్టడం చూసి చూసి నేర్చుకున్నాను. పాలేనికి తిరిగొచ్చాక చుట్టుపక్కల ఎవరికి పుండు పడినా నాకే కబురు వస్తుంది. షుగరు వల్ల టీచరమ్మకు ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. కుడి పాదానికి పుండు పడింది. రెండేళ్ళుగా దానికి రోజూ కట్టు మార్చింది నేనే.

పోయినవాళ్ళను మంచివాళ్ళనడం మర్యాద. ఆమెను అలా అనేసి ఊరుకుంటే ఆమే ఒప్పుకోదు. నేను మొదట చూసిన టీచరమ్మ మంచిది కాదు. చెక్క స్కేలు నిలువుగా పట్టుకుని వేళ్ళ కణుపుల మీద కొట్టేది. చేపల వాసన వస్తుందని పాలెం పిల్లలందరినీ వాకిలి దగ్గర కూర్చోబెట్టేది. మేము నోరు తెరిస్తే చాలు, మా మాట సరిచేసేది. ఆమె నోటికి భయపడి చాలామంది బాగా చదువుకున్నారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమే కావచ్చు.

నాకు పదేళ్ళప్పుడు మా నాయన వేటకు పోయిన పడవ తిరిగి రాలేదు. నాలుగు రోజులు అమ్మా నేనూ ఒడ్డున కూర్చున్నాం. ఇంట్లో గింజలు అయిపోయాయి. ఐదో రోజు అమ్మ నన్ను బడికి తోలింది, మధ్యాహ్నం ఉప్మా అయినా కడుపులో పడుతుందని. నేను వాకిట్లో అడుగు పెట్టగానే టీచరమ్మ చెయ్యి చాపమన్నది. నాలుగు రోజులు బడి ఎగ్గొట్టినందుకు ఒక దెబ్బ వేసి, "ఎక్కడికి పోయావు?" అని అడిగింది.

"సంద్రం కాడ ఉండాను టీచరమ్మా," అన్నాను.

"సంద్రం కాదు, సముద్రం. ముందు అది సరిగ్గా పలుకు," అని రెండో దెబ్బ వేసింది.

సముద్రం అన్నాను. కూర్చోమన్నది. నేను కూర్చోలేదు. ఉప్మా కూడా తినకుండా ఇంటికి నడిచాను. ఆ సాయంత్రానికే పడవ మునిగిన సంగతి ఊరంతా తెలిసింది. నాయన శవం కూడా దొరకలేదు. సంగతి ఆమెకూ తెలిసింది. అయినా మా ఇంటి వైపు రాలేదు. మరుసటి ఏడు నేను పక్క ఊరి సర్కారు బడిలో చేరి పది దాకా చదువుకున్నాను. ఆమె ఎదురొస్తే తల తిప్పుకుని పోయేదాన్ని. నలభై ఏళ్ళు అలాగే గడిచాయి.

అలాంటిదాన్ని కట్టు మార్చడానికి ఎందుకు ఒప్పుకున్నావని మా ఇంట్లోవాళ్ళు అడిగారు. అది నా పని అని చెప్పాను. అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నాను. ఆ కాలు ఎట్లా ఉందో చూడాలనిపించింది. ఆమె మూలుగుతుంటే వినాలనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే మిగతా అంతా అబద్ధమవుతుంది.

మొదటి రోజు కట్టు విప్పగానే గదంతా కంపు నిండింది. చిన్నమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. టీచరమ్మ నా మొహం వైపు చూస్తూ ఉంది. చూపు అప్పటికే మసకబారింది, మొహం ఆనవాలు మాత్రం తెలిసేది.

"వాసన వస్తా ఉందా మే?" అన్నది.

"వస్తా ఉంది," అన్నాను.

"మిమ్మల్ని వాకిలి కాడ కూర్చోబెట్టేదాన్ని," అని కళ్ళు మూసుకుంది.

ఒళ్ళు కూలిపోతున్నా లోపలి మనిషి రోజురోజుకూ కొత్తవుతుందన్న బైబిలు మాట మీద ఆమెకు గట్టి నమ్మకం. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది. నాకు ఒళ్ళు మండేది. "నాకేం కొత్తది కనపడ్లేదమ్మా, చీము తప్ప," అన్నాను ఒకసారి. కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది.

"నిన్నటి కట్టు ఈ పొద్దుకు పనికొస్తాదా? రాదు గదా. నా లోపల కూడా అంతే. నిన్న కడిగించుకున్నది ఈ పొద్దుకు సరిపోదు, మళ్ళా కంపు కొడతాది. అందుకే రోజూ పొద్దున్నే దేవుణ్ణి అడుక్కుంటా ఉండా," అన్నది.

ఆస్పత్రిలో కోసేసిన కాలు ఏం చేశారని చాలా రోజులు వేధించింది. నాకేం తెలుసు, ఎక్కడో పూడ్చి ఉంటారన్నాను. "చచ్చినోళ్ళందరూ లేచే రోజున నేను ఈ ఊళ్ళో లేస్తా. అది నెల్లూరు నుంచి నన్ను ఎతుక్కుంటా రావాల గదా. బస్సు ఎక్కలేదు పాపం," అన్నది. నేను దూది చుడుతూ కూర్చున్నాను. ఆ రోజున రెండు కాళ్ళ మీద నిలబడతానని మాత్రం ఆమెకు రవ్వంత అనుమానం లేదు. రేపటి సంతకు పోతానన్నంత మామూలుగా చెప్పేది.

అన్ని రోజులూ అలా ఉండేది కాదు. ఎముక దాకా పుండు దిగాక రెండో కాలు కూడా తీయాలన్నారు డాక్టర్లు, గుండె తట్టుకోదని మళ్ళీ వాళ్ళే వద్దన్నారు. అప్పటి నుంచి నొప్పి పగలూ రాత్రీ ఒకటే. దుప్పటి పళ్ళతో కొరికేది. చెల్లెలు పాట అందుకుంటే "పాడబాక" అని అరిచేది. గోడ వైపు తిరిగి, "ఆయన ఈ పొద్దు పలకలేదు," అనేది. ఆయనంటే ఆమె దేవుడు. పలకని రోజున కూడా ఆయనతోనే పోట్లాడేది, ఇంకొకరి దగ్గరికి పోయి చెప్పుకునేది కాదు. సాయంత్రానికి అలిసిపోయి, "ఇప్పుడు పాడు," అని చెల్లెలికి చెప్పేది.

పోయిన ఎండాకాలంలో పాత శిష్యులను ఒక్కొక్కరినే పిలిపించడం మొదలుపెట్టింది. చేత్తో కొట్టినందుకు, నోటితో కొట్టినందుకు క్షమించమని అడగడానికి. రొయ్యల గుంటల దగ్గర మోటార్లు చూసే ఒకతను వచ్చి మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నన్నెప్పుడు కొట్టినారమ్మా? నాకు గ్యాపకమే లేదే," అన్నాడు. ఆమె మొహం చిన్నబోయింది. ఇన్నేళ్ళు తాను మోసిన బరువు అవతలివాడికి గుర్తు కూడా లేదు. కొందరు ఏడ్చారు, కొందరు పళ్ళు తెచ్చారు. కట్టు కడుతూ అందరినీ చూశాను. నన్ను మాత్రం అడగలేదు. రోజూ ఆమె కాలు నా ఒళ్ళోనే ఉంటుంది, అడగలేదు. నాలో కోపం పెరిగిపోతూ వచ్చింది. మరిచిపోయిందేమోనని ఒకరోజు, మరిచిపోయినట్టు నటిస్తుందేమోనని ఇంకోరోజు.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం నేను గాజుగుడ్డ కత్తిరిస్తుంటే చెల్లెల్ని బయటికి పొమ్మన్నది.

"నీకు రెండు దెబ్బలు ఏసినా," అన్నది. "ఒకటి బడికి రానందుకు. రెండోది మాట కోసరం. సంద్రం కాడ ఉండానని చెప్పినావు. యాడ ఉండావో చెప్పినావు, ఎందుకు ఉండావని నేను అడగలా. నీ మాటే సరైంది, మీ నాయన పొయింది సంద్రంలోకే. సాయంత్రం తెలిసినాక మీ ఇంటికి రావాల్సింది. చెప్పులేసుకున్నా. గుమ్మం దాటలేకపొయినా. అందర్నీ అడిగినా, నిన్ను అడగడానికే ధైర్యం చాల్లేదు. నన్ను మన్నిస్తావా?"

చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. నలభై ఏళ్ళు ఆ మాట కోసం ఎదురుచూశాను. తీరా వచ్చాక నోట్లోంచి రావలసినది రాలేదు. "రావడం లేదమ్మా," అన్నాను.

"సరే. రేపు మళ్ళీ అడుగుతాను," అన్నది.

అడిగింది. ఆ మరుసటి రోజూ అడిగింది. ఏడుస్తూ కాదు, బతిమాలుతూ కాదు. కట్టు విప్పగానే, "ఈ పొద్దు వస్తుందా మే?" అనేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆమెకు చూపు ఇప్పుడు పూర్తిగా పోయిందని గుర్తొచ్చి, "లేదమ్మా," అని పైకి చెప్పేదాన్ని. "సరే, రేపు," అనేది. ఒక్కరోజు కూడా మొహం మాడ్చుకోలేదు. అదేదో కొత్తగా ఆ రోజే అడుగుతున్నట్టు అడిగేది. ఆమె కొత్తదనం కొత్తదనం అని చెప్పేది ఇదేనేమోనని నాకు అనిపించడం మొదలైంది.

ఈ సంగతి తెలిసి వాళ్ళ పాస్టరుగారు ఒకసారి నన్ను పక్కకు పిలిచారు. "ఒక్కమాట అనేయండమ్మా, ఆమెకు మనశ్శాంతిగా ఉంటుంది," అన్నారు. గదిలోంచి టీచరమ్మ గొంతు వినపడింది. "ఆమెను తొందరపెట్టబాకండి అయ్యగారూ. దెబ్బ తిన్నది ఆమె. నా కోసరం అబద్ధం చెప్పిస్తారా?" అన్నది. ఆ గొంతులో పాత టీచరమ్మ ఉంది.

ఆఖరి రోజు ఆమె గొంతు పెగల్లేదు. కట్టు విప్పి కడుగుతుంటే పెదవులు కదిలాయి. ఏం అడిగిందో నాకు తెలుసు. "రేపు చెప్తాను," అన్నాను. నిజంగా చెప్పేదాన్నో లేదో ఇప్పుడు ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఆమె మాత్రం తల ఆడించింది, నమ్మినట్టు.

ఫోను వచ్చిన పొద్దున నేను వెళ్ళేసరికి చిన్నమ్మ వేన్నీళ్ళు కాచి ఉంచింది. ఇద్దరం కలిసి స్నానం చేయించాం. తన కోసం తాను ఎప్పుడో తీసిపెట్టుకున్న తెల్లచీర కట్టాం. పుండు చీరకు అంటకుండా మందంగా దూది పెట్టి కట్టు కట్టాను. నొప్పి పుడుతుందని అలవాటుగా మెల్లగా కట్టాను. ముక్కులో, చెవుల్లో దూది పెట్టాను. దవడ జారకుండా గుడ్డ కట్టాను. నర్సింగ్ హోంలో ఎంతమందికి చేశానో ఆ పని, చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. బయట చర్చి సంఘంవాళ్ళు పాటలు పాడుతున్నారు. పెట్టె వచ్చిందని ఎవరో చెప్పారు.

చిన్నమ్మ తలుపు తీయబోతే ఒక్క నిమిషం ఆగమన్నాను. మంచం దగ్గరికి వెనక్కి పోయి, ఆమె కుడి చెవిలో దూది తీశాను. వంగి, చెప్పవలసినది చెప్పాను. చెవి చల్లగా ఉంది. తరవాత ఆ దూదిని మళ్ళీ వేళ్ళతో ఉండ చుట్టి, ఎక్కడిదక్కడ పెట్టాను.