మగ్గం వెనుక మనుషులు

చైతన్యపురి కోచింగ్ సెంటర్లో సాంబమూర్తి పద్దెనిమిదేళ్లుగా రాజుల తేదీలు చెబుతున్నారు. పరీక్షలో మార్కులు వాటికే. ఆయనకు ఇష్టమైన ప్రశ్నలు వేరు. కాకతీయుల కాలంలో మామూలు ఇంట్లో పొద్దున ఏం తినేవారు? పిల్లకు జ్వరమొస్తే ఎవరి దగ్గరికి పరుగెత్తేవారు? సెలవురోజుల్లో శాసనాల నకళ్లు చదివి, ఆ ప్రశ్నల మీదే పదకొండేళ్లకు ఒక పుస్తకం పూర్తిచేశారు. తెల్లారితే అది అచ్చుకు పోవాలి.

అల్మాస్‌గూడలో తాను కిరాయికుండే ఇంటి వరండాలో ఆఖరి ప్రూఫులు దిద్దుతుంటే, ఇంటి యజమానురాలు మల్లమ్మ వచ్చి కూర్చుంది. ఆమెది పోచంపల్లి దగ్గరి నేత కుటుంబం. కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాక ఇటు వచ్చారు.

"ఇది మీవాళ్ల గురించే మల్లమ్మగారూ, వినండి" అని సాంబమూర్తి నేతగాళ్ల అధ్యాయం చదివారు. ఒక శాసనం ఊళ్లో నలభై మగ్గాలున్నాయంటుంది. కాబట్టి నేతపని చేసేవారు నలభై మంది అని ఆయన తేల్చారు.

మల్లమ్మ నవ్వింది. "మరి కండెలెవలు చుట్టిన్రు సారూ? మీ రాజుగారా?"

"కండెలంటే?"

"పడుగుల అటూ ఇటూ ఉరికే నాడె ఉంటది గద, దాన్ల పెట్టే దారం చుట్టలు. మా ఆయన మగ్గం మీద కూసుంటే నేను, మా అత్త, ఆడబిడ్డ పొద్దుగూకులు అదే చుట్టేది. పడుగుకు, గదే నిలువు దారాలకు, గంజి పెట్టాల్నంటే వాడకట్టంత పట్టాలె. మగ్గం ఒక్కటే, ఆయనతోని కలిపి దాని ఎనక నలుగురం. పేరు మాత్రం ఆయనదే."

"పాతకాలంలోనూ అంతేనంటారా?"

"కాదా మరి? కండెలు గాలికి చుట్టుకుంటయా?"

సాంబమూర్తి కలం ఆగింది. ఊరి జనాభా, ధాన్యం ఖర్చు, అన్నీ ఆ నలభై మీదే కట్టారు. మగ్గానికి నలుగురి లెక్కన నూట అరవై అని దిద్దడానికీ లేదు. మల్లమ్మ మగ్గం నిన్నటిది, శాసనం ఏడువందల ఏళ్ల నాటిది. నలభైని ఉంచడానికి మాత్రం మనసొప్పలేదు.

ప్రెస్సు మురళీకృష్ణకు ఫోన్ చేశారు. "ఏడో అధ్యాయం మళ్లీ రాయాలండీ. ఆపండి."

"ఏంది సార్ గిది! మిషన్ ఖాళీ పెట్టుకొని కూసున్న. రేపు తప్పితే మళ్ల రెండు నెలలు. పదకొండేండ్లు రాసిన్రు, ఇంకా అయిపోలేదా?"

"అయిపోయిందనుకున్నాను."

ఫోన్ పెట్టేసి లెక్కంతా కొట్టేశారు. దాని పక్కన రాసుకున్నారు: "మగ్గాలు నలభై. ఎన్ని చేతులో శాసనం చెప్పదు." తర్వాత ప్రూఫు తిరగేసి, వెనుక తెల్ల వైపు కలం పెట్టారు.

"ఆ గంజి దేనితో కాచేవారు?"

"జొన్నపిండితోని. బియ్యం తినటానికే లేకపాయె, దారానికేడికెళ్లి తెస్తం?"

సాంబమూర్తి తల ఎత్తకుండా రాస్తూనే అడిగారు: "మరి అది పులిసేదా?"