సిగ్నల్ లేని దారికి ట్యాబ్

నాకూ, నా స్నేహితురాలికీ పెళ్లి వయసు ఎప్పుడో దాటిపోయిందనే అనుకునేదాన్ని. అలాంటిది కిందటేడు వేసవి సెలవుల్లో ఆమె పెళ్లి చేసుకుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాళ్లం. నాది ఫిజిక్స్, ఆమెది జువాలజీ. నేను గుంటూరు వైపు నుంచి వచ్చాను. ఆమెది పోచంపల్లి దగ్గర మగ్గం నేసే ఇల్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సైదాబాద్‌లో ఒక వాటా కిరాయికి తీసుకుని, ఇరవై ఏళ్లకు పైగా అందులోనే ఉండిపోయాం. నాకంటే కాస్త చిన్నది, అక్కా అని పిలిచేది. ఆమెను చేసుకున్నాయన బ్యాంకు ఉద్యోగి. మొదటి భార్య పోయి చాలాకాలమైంది. నెమ్మదస్తుడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు నాకు. దొరికితే బాగుండునని కూడా ఒకటి రెండుసార్లు అనిపించింది.

పెళ్లయ్యాక ఆమె ఇక్కడి ఉద్యోగం మానేసి మియాపూర్ వెళ్లిపోయింది. ఎల్బీనగర్‌లో బయల్దేరే మెట్రో మధ్యలో ఎక్కడా మారే పని లేకుండా అక్కడికే పోతుంది. అంత సులువు కాబట్టే, ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం అనుకుంటూ ఇద్దరం వాయిదా వేస్తూ వచ్చాం. ఫోన్లు మాత్రం ఉండేవి. అవీ కుక్కర్ కూతలతోనో, వెనక నుంచి ఆయన పిలుపుతోనో ముగిసేవి.

కారు నాది. ఆమెకు నడపడం రాదు, నేర్చుకోమంటే వినలేదు. సెలవు దొరికితే చాలు, పొద్దున్నే బయల్దేరేవాళ్లం. ఒళ్లో ఫోన్ పెట్టుకుని, పల్లికాయలు ఒలుస్తూ దారి చెప్పేది. కుడి, ఎడమ అనేది కాదు. కుడికి తిరగాలంటే "నీ దిక్కు", ఎడమకైతే "నా దిక్కు" అనేది. మొదట్లో తికమకపడేదాన్ని. తర్వాత అదే అలవాటైపోయింది.

పెళ్లి సంబంధం కుదరకముందు ఒకసారి అచ్చంపేట దాటి, అడవి అంచునున్న చిన్న రోడ్ల మీదుగా కృష్ణ ఒడ్డుకు పోదామని బయల్దేరాం. ఒక మూడు దార్ల దగ్గర మ్యాప్ ఆగిపోయింది.

"అక్కా, సిగ్నల్ పోయింది. మ్యాప్ తెరుసుకుంటలేదు."

"ఎటు తిప్పమంటావు మరి?"

"నాకేమెరుక? ఆగు, దిగి అడుగుత."

ఆమె దిగి, మేకలు కాస్తున్న ముసలాయనతో చాలాసేపు ముచ్చట పెట్టి వచ్చింది. ఆయన కూతుర్ని ఎక్కడిచ్చారో, మేకలకు ఏ జబ్బు వచ్చిందో అన్నీ చెప్పింది. దారి మాత్రం అడగడం మర్చిపోయింది. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆ రోజు నది దాకా పోకుండానే వెనక్కి వచ్చేశాం.

ఆమె వెళ్లిపోయాక మొదటి దసరా సెలవులిచ్చారు. ఇంట్లో రెండు రోజులు కూర్చునేసరికి గోడలు మీదికి వస్తున్నట్టనిపించింది. ఆ నది దాకా ఒక్కదాన్నే పోవాలనుకున్నాను. దారి మధ్యలో దిగి కొత్తవాళ్లతో మాట కలపడం నాకు చేతకాదు. నెట్ లేకపోయినా దారి చూపించేది ఒకటి కావాలి. ఫోన్ తెర చిన్నది, చత్వారం వచ్చిన కళ్లకు ఆనదు. అందుకని ట్యాబ్ కొందామని దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక షాపుకు వెళ్లాను.

కౌంటర్ దగ్గరున్న అమ్మాయి చకచకా నాలుగు తీసి ముందు పెట్టింది.

"మ్యాప్ అన్నిట్ల ఒస్తది మేడం. నెట్ ఉంటె సాలు."

"నెట్ లేని చోటే కావాలమ్మా నాకు."

"నెట్ లేని కాడికి ఎందుకు పోతరు మేడం?"

పెద్దది తీసుకోవాలా, చిన్నది తీసుకోవాలా అని రెండూ చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను.

"సార్‌కు ఫోన్ చేసి అడుగుండ్రి మేడం, ఏ సైజు కావాల్నో."

"సార్ ఎవరూ లేరమ్మా," అన్నాను. ఆ అమ్మాయి నొచ్చుకున్నట్టు తల దించుకుని డబ్బాలు సర్దింది. ఆ ఇబ్బందిలోంచి ఇద్దరం బయటపడితే చాలని, పెద్దది, వైఫైతో మాత్రమే పనిచేసేది తీసుకుని వచ్చేశాను.

ఇంట్లో కూర్చుని అచ్చంపేట, కొల్లాపూర్ చుట్టుపక్కల మ్యాపంతా దించుకున్నాను. నేనున్న చోటు చూపే నీలం చుక్క మా వీధి మీద చక్కగా కనిపించింది. మర్నాడు కారు ముందద్దానికి స్టాండు అతికించి, ట్యాబ్ బిగించి, సరిచూసుకుందామని కర్మన్‌ఘాట్ మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా వెళ్లాను. నేను ఫ్లైఓవర్ ఎక్కి దిగాను. చుక్క మాత్రం ఇంటి దగ్గరే ఉండిపోయింది. పైగా అంత పెద్ద తెర రోడ్డుకు అడ్డం.

అప్పుడు వెలిగింది. ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలతో మనం ఎక్కడున్నామో ఎలా లెక్కగడతారో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. ఆ సంకేతాలు అందుకునే జీపీఎస్ ఈ ట్యాబ్‌లో ఉందో లేదో చూసుకోవాలని మాత్రం తోచలేదు. ఇంట్లో వైఫైని పట్టుకుని చుక్క చూపించిందంతే. ఈ సంగతి చెప్పి నవ్వుకోవాలని ఆమెకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. సాయంత్రం మెసేజ్ వచ్చింది: "చుట్టాలొచ్చిన్రు అక్కా, రేపు చేస్త."

మళ్లీ షాపుకు వెళ్లాను. ఆ అమ్మాయి మార్చి ఇస్తానంది. ఈసారి సిమ్ పెట్టుకునే రకం, ఎనిమిది అంగుళాలది అడిగాను. అలాంటివాటిలో మామూలుగా జీపీఎస్ ఉంటుంది, సిమ్ వేయకపోయినా పనిచేస్తుంది. అయినా నమ్మకుండా, నెట్ ఆపేసి, ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని షాపు బయటికి వచ్చాను. మెట్రో వంతెన నీడ దాటి, ఆకాశం కనిపించే చోట నిలబడ్డాం. జనం తోసుకుంటూ పోతున్నారు. చాలాసేపటికి చుక్క వచ్చింది. నాలుగడుగులు వేస్తే అదీ కదిలింది.

"ఒచ్చింది మేడం! గిప్పుడు యాడికన్న పోవచ్చు మీరు," అని నవ్వింది ఆ అమ్మాయి. నాకంటే తనే ఎక్కువ సంతోషపడింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరి, బాలాపూర్ మీదుగా శ్రీశైలం రోడ్డెక్కాను. మాట్లాడే గొంతు వద్దనిపించి ట్యాబ్ శబ్దం తీసేశాను. అచ్చంపేట దాటాక ఫోన్‌లో సిగ్నల్ పోయింది. చుక్క మాత్రం నాతోపాటే వస్తోంది. మధ్యాహ్నం ఎండకు ట్యాబ్ వేడెక్కి తెర మసకబారింది. కారు ఒక పక్కన ఆపి, స్టాండును ఏసీ గాలి తగిలేలా కిందికి బిగించి, అది చల్లబడే దాకా కూర్చున్నాను. అంతసేపూ ఆ రోడ్డు మీద ఒక్క బండీ రాలేదు. పక్క సీటు మీద నా హ్యాండ్‌బ్యాగు, నీళ్ల సీసా ఉన్నాయి.

ఆనాటి మూడు దార్ల దగ్గర ఎడమకు తిప్పమని చూపించింది. తిప్పాను. అంతే. అడగడానికి ఎవరూ లేరు, తప్పడానికి వీల్లేదు. కాసేపట్లో నది ఒడ్డున ఉన్నాను.

వెడల్పైన నీళ్లు. అవతలి గట్టు పల్చగా కనిపిస్తోంది. తెచ్చుకున్న పులిహోర తిన్నాను. ఫొటోలు తీశాను. పంపుదామంటే సిగ్నల్ లేదు. చేరానన్న ఆనందం ఉంది. పక్కకు తిరిగి చెప్పబోయి, పులిహోర డబ్బా మూత పెట్టేశాను. వచ్చినంత సులువుగానే తిరిగి వచ్చేశాను.

ఇంటికొచ్చి పంపిన ఫొటోలు చూసి ఆమె వెంటనే ఫోన్ చేసింది. "నన్ను ఇడిసిపెట్టి పోయినవా అక్కా? ఒక్కదానివే?" గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఈసారి మేమిద్దరం ఒస్తం. ఆయన కూడ చూడలే."

చలికాలంలో ముగ్గురం వెళ్లాం. ఎల్బీనగర్ మెట్రో దగ్గర ఎక్కించుకున్నాను. ఆమె ముందు తలుపు తీయబోయి ఆగింది. ఆయన వెనక సీట్లో ఒక్కడే ఎలా కూర్చుంటాడు? ముందుకు రమ్మంటే నా పక్కన కూర్చోవడానికి ఆయన మొహమాటపడ్డాడు. చివరికి ఇద్దరూ వెనకే కూర్చున్నారు.

"దారి గా ట్యాబే చూపిస్తది కదక్కా," అంది ఆమె, సర్దిచెప్పినట్టు.

వాళ్లు వెనక చిన్నగా మాట్లాడుకుంటున్నారు. మధ్యమధ్య "ఏమంటవక్కా?" అని నన్నూ కలుపుకునేది. నాకు రోడ్డు చప్పుడులో సగమే వినబడేది. అద్దంలో చూస్తే ఆమె పల్లికాయలు ఒలిచి ఆయన చేతిలో పోస్తోంది. నాకూ ముందుకు చాచి ఇచ్చింది. నేను వెనక్కి చెయ్యి పెట్టి అందుకున్నాను. ఆయన నది చూసి ఎంతో మెచ్చుకున్నాడు. దిగబెట్టినప్పుడు ఆమె నన్ను గట్టిగా పట్టుకుని, "మళ్ల పోదామక్కా," అంది. పోదామన్నాను. ఆ తర్వాత ఆమె అడగలేదు, నేనూ పిలవలేదు.

పరీక్షలు ముగిశాక ఆదిలాబాద్ వైపు మ్యాప్ దించుకున్నాను. ఆ వైపు మేమిద్దరం ఎప్పుడూ పోలేదు. ఉట్నూరు దాటాక ఒక హోటల్ దగ్గర ఆగి చాయ్ అడిగితే, పొయ్యి దగ్గరున్నామె కారులోకి తొంగి చూసింది.

"ఎవ్వలు లేరా ఎంబడి? ఒక్కదానివే ఒచ్చినవా?"

"ఒక్కదాన్నే," అన్నాను.

"కూసో మరి," అని బల్ల తుడిచి, గ్లాసు నిండా చాయ్ పోసింది.