మజ్జిగ ముట్టని పాలాయన

1982 ఎండాకాలం. తిరుపతిలో ఒక ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో నేను ఆయాను. మా ఆయన పోయాక దొరికిన పని అది. స్లైడ్లు, అంటే గాజుపలకలు, కడిగి తుడవాలి. సూదులు ఉడకబెట్టాలి. వచ్చినవాళ్ళ వేలి కొసన పొడిచి చుక్క నెత్తురు తీయాలి. ఆ చుక్కను పలక మీద పలచగా పూస్తే దాన్ని స్మియర్ అంటారు. ముగ్గుగీత లాగినట్టు ఒక్క ఊపులో లాగాలి, చెయ్యి వణికితే చెడిపోతుంది. తర్వాత స్టెయిన్, అంటే రంగు, పోయాలి. రంగు సరిగ్గా పట్టిందో లేదో మైక్రోస్కోపులో చూసుకుని డాక్టరమ్మ బల్ల మీద పెట్టాలి. నాకు అంకెలు తప్ప అక్షరాలు రావు. కణాల సంగతి మాత్రం డాక్టరమ్మ నోట విని విని పట్టుబడింది.

ఒకరోజు పలమనేరు దగ్గరి పల్లె నుంచి గోపాలప్ప అనే ఆయనను భార్య రాజమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయనకు అరవై ఏళ్ళుంటాయి. ఇరవై ఆవుల పాడి వాళ్ళది. రెండేళ్ళుగా మతిమరుపట. మొదట ఆవుల పేర్లు పోయాయి, తర్వాత ఇంటిదారి పోయింది, చివరికి భార్యే పోయింది. ఎక్కడ చూపించినా, ముసలితనంలో మెదడు ఎండిపోయే జబ్బు, దీనికి మందు లేదు అన్నారట. అల్జీమర్స్ అనే పేరు అప్పటికి మా చెవిన పడలేదు. ఎందుకైనా మంచిదని నెత్తురు పరీక్షకు చీటీ రాసి మా దగ్గరికి పంపారు.

"నేనెవురో చెప్పు సూస్తాం" అంది రాజమ్మ, నా ముందే.

ఆయన ఆమెను ఎగాదిగా చూసి, "మా ఇంటికి పాలకొచ్చే ఆమె గదా! ఇంత పొద్దెక్కినాక వస్తే పాలు యాడుంటాయి?" అన్నాడు.

"విన్యావా అక్కా? నలభై ఏండ్లు కాపురం చేస్తే చేతికి చెంబిచ్చి నిలబెట్టినాడు" అని ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఒక్కసారి నా పేరు పెట్టి పిలిస్తే సాలు. ఇంగేమీ అడగను నేను."

ఆయన వేలు పొడిచి స్మియర్ లాగాను. రంగు పోసి చూశాను. ఎర్రకణాలు ఒక్కోటి ఉండాల్సిన దానికంటే పెద్దగా, కొన్ని కోడిగుడ్ల మాదిరి సాగి ఉన్నాయి. న్యూట్రోఫిల్ అని ఒక తెల్లకణం ఉంటుంది, దాని నడిమి గింజకు మూడో నాలుగో తుంటలుంటాయి. ఈయన కణంలో ఆరు లెక్కపెట్టాను. రంగు చెడగొట్టానని భయపడి ఆ పలకను కడిగే తొట్టిలో వేయబోయాను. మళ్ళీ అనుమానమొచ్చి, అదే రంగు పోసిన పక్కమనిషి పలక చూశాను. అది చక్కగా ఉంది. గోపాలప్ప వేలు ఇంకోసారి పొడిచి, ఇంకో స్మియర్ లాగాను. మళ్ళీ అవే పెద్ద కణాలు. తిట్లకు సిద్ధపడి రెండు పలకలూ డాక్టరమ్మ ముందు పెట్టాను.

ఆమె చాలాసేపు చూసింది. "చెంగమ్మా, ఇది నీ చేతి తప్పు కాదు. బి ట్వెల్వ్ అనే విటమిన్ తక్కువైతే కణాలు ఇలా అవుతాయి. అది లేకపోతే నరాలూ, మతీ కూడా దెబ్బతింటాయి. అదే అయితే, పోయిన మతి తిరిగొస్తుంది!" అంది. ఆ విటమిన్ మాంసంలో, గుడ్డులో, పాలలోనే ఉంటుందట.

రాజమ్మను పిలిచి అడిగితే, "తులసిమాల ఏసుకున్నప్పట్నుంచి మాంసం, గుడ్డు ముట్టడమ్మా" అంది.

"మరి పాలూ పెరుగూ?"

"ఇరవై ఆవులుండే ఇల్లమ్మా మాది! పాలకేం కరువు?"

"పాలు తాగే మనిషికి ఇదెలా తక్కువైంది?" అంది డాక్టరమ్మ. ఇంకో పరీక్ష రాస్తాను, అంతదాకా బయట కూర్చోబెట్టమంది. ఎండ మండిపోతోంది. వాళ్ళను వరండాలో కూర్చోబెట్టి, నా సద్ది గిన్నెలోని మజ్జిగ గ్లాసులో పోసి గోపాలప్పకు ఇచ్చాను. ఆయన పాముని చూసినట్టు వెనక్కి జరిగాడు.

"వద్దు! మొక్కుండాది."

"ఏం మొక్కు నాయనా?"

"ఏమో! ముట్టకూడదంతే."

పెళ్ళాం పేరు మరిచిన మనిషి మొక్కును మరవలేదు. నాకు నవ్వాగలేదు. రాజమ్మ మాత్రం నాలుక కరుచుకుంది. ఎనిమిదేళ్ళ కింద ఆవులకు గాలికుంటు జబ్బు వస్తే, అవి బతికితే జన్మలో పాలు, పెరుగు, నెయ్యి నోట పెట్టనని కొండమీది సామికి మొక్కుకున్నాడట.

"డాక్టరమ్మ అడిగినప్పుడు చెప్పలేదేం?" అన్నాను.

"మొక్కు బైటికి చెప్తే ఫలం పోతాదంటారు గదక్కా."

"ఫలం సంగతి సామి సూసుకుంటాడు. నువ్వు మొగుణ్ణి సూసుకో, లే!" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను.

సంగతి విని డాక్టరమ్మ తల కొట్టుకుని నవ్వింది. సూదిమందు రాసింది. చిట్టి గాజుబుడ్డిలో మందు దానిమ్మరసంలా ఎర్రగా ఉండేది. "దీంట్లో పాలుండాయా?" అని రాజమ్మ రెండుసార్లు అడిగి, లేవని ఒట్టు వేయించుకున్నాకే సూది వేయనిచ్చింది.

సత్రంలో దిగి, రోజు విడిచి రోజు వచ్చేవాళ్ళు. మొదటి వారం ఏమీ లేదు. రెండో వారానికి కాళ్ళలో చీమలు పాకినట్టుండే తిమ్మిరి తగ్గిందన్నాడు. కొత్త స్మియర్‌లో కణాలు చిన్నవవుతున్నాయి. ఆయన మాత్రం రాజమ్మను ఇంకా పాలకొచ్చిన ఆమెగానే చూసేవాడు. నెల దాటింది. ఒక పొద్దున సూది గది ముందు వరుసలో పెద్ద కేక వినిపించింది.

"రాజమ్మా! సెప్పులు ఆడ ఇడిస్తే ఎవురన్నా తొక్కరా? బుద్ధుండాదా నీకు?"

రాజమ్మ గబగబా ఆయన ముందుకొచ్చింది. చేతులు జోడించి, "ఇంగోసారి తిట్టు సామీ" అంది. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయన సిగ్గుపడి మళ్ళీ తిట్టాడు. కొన్ని ఆవుల పేర్లు మాత్రం ఆయనకు తిరిగి రానేలేదు. "అవి పిలవకపోయినా పాలిస్తాయిలే" అంది రాజమ్మ.

ఆ తర్వాత మతిమరుపుతో ఎవరొచ్చినా ఆశగా పలక చూసేదాన్ని. చాలామంది కణాలు చక్కగానే ఉండేవి, మతి మాత్రం తిరిగొచ్చేది కాదు. అలాంటి జబ్బు ఆనవాళ్ళు కూడా నెత్తుటి కణాల్లో దొరుకుతాయేమోనని ఇప్పుడు వెతుకుతున్నారట. దొరకాలి.

నేను నేర్చుకున్నది ఒక్కటి. ఏం తింటారని అడిగితే ఇంటి గొప్ప చెబుతారు. అందుకే ఆ రోజు నుంచి, పని మానేదాకా, వేలు పట్టుకోగానే నా మొదటి ప్రశ్న ఒకటే: "ఏమేం మానేసినావు, చెప్పు?"