అరవై ఒకటో పేజీ

మా సెక్రటరీ గారు పోయారని మంగళవారం పొద్దున వాళ్లావిడ ఫోన్ చేశారు. "నిద్రలోనే వెళ్లిపోయారమ్మా, బాధపడలేదు" అన్నారు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇన్నేళ్లూ రేపు, ఎల్లుండి అని వాయిదా వేస్తూ వచ్చాను. ఇక ఆయనకు చెప్పలేను కాబట్టి మీకు చెబుతున్నాను.

తొంభైల్లో జూబ్లీహిల్స్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీ ఉండేది. కృష్ణానగర్, యూసుఫ్‌గూడల్లో ఉండే లైట్‌మన్లు, బట్టలు కుట్టేవాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు అందులో డిపాజిట్లు వేసేవారు. ఎందుకంటే దాని చైర్మన్ ఓ పేరున్న నటుడు. తెర మీద అందరికీ తండ్రి వేషాలు వేసే మనిషి ఫొటో బ్రోచరు మీద ఉంటే ఇంకేం కావాలి! నేను అక్కడ టైపిస్టుని. మా నాన్నా లైట్‌మనే. నిచ్చెన మీంచి పడి నడుం దెబ్బతిన్నాక ఇంట్లో సంపాదన నాదొక్కదే అయింది. సెక్రటరీ గారు నా పై అధికారి. కంపెనీ చట్టప్రకారం నడుస్తోందో లేదో చూడటం ఆయన పని. గుంటూరు వైపు మనిషి. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ కంపెనీ చట్టం.

బోర్డు మీటింగులో ఏం తీర్మానించారో రాసే మినిట్స్ పుస్తకం ఆయనకు ప్రాణం. పేజీలన్నిటికీ నంబర్లు వేయించారు. రాయడం అయ్యాక కింద ఎంత ఖాళీ మిగిలితే అంత ఖాళీకీ ఏటవాలుగా గీత కొట్టేసేవారు. "ఖాళీ వదలకమ్మాయ్, తర్వాత ఎవరైనా వచ్చి ఏదైనా రాస్తారు" అనేవారు. ఈ అలవాటు ఆఫీసుతో ఆగితేనా! ఇంటి సరుకుల చీటీకీ గీతే, నా సెలవు చీటీకీ గీతే. మా చెల్లి పెళ్లికిచ్చిన కవరు మీద దీవెన రాసి దాని కిందా గీత కొట్టారు. పెళ్లివారు ఇదేం ఆచారమండీ అని అడిగితే మేం పడీ పడీ నవ్వాం.

ఇంత జాగ్రత్తా ఉండి ఏం లాభం, అసలు మీటింగులే జరిగేవి కావు. చైర్మన్ గారికి షూటింగులు. కంపెనీ నడిపే ఎండీ గారు తనకు కావాల్సింది సెక్రటరీ గారి చేత రాయించేవారు. నేను ఆ పుస్తకం చంకన పెట్టుకుని, ఆటోలో ఫిల్మ్‌నగర్‌లో ఆయన ఏ సెట్లో ఉంటే ఆ సెట్‌కి వెళ్లి, షాటుకీ షాటుకీ మధ్య సంతకం పెట్టించుకొచ్చేదాన్ని. సెక్రటరీ గారు గొణుక్కునేవారు, ఊరుకునేవారు.

అంతలో ఊళ్లో ఫైనాన్స్ కంపెనీలు ఒకటొకటిగా బోర్డు తిప్పేశాయి. పైనుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. డైరెక్టర్ల బంధువులకిచ్చిన అప్పులన్నీ బోర్డు చూసి ఒప్పుకోవాలన్నారు, తనిఖీకి వస్తామన్నారు. ఆ రోజే సెక్రటరీ గారు ఎండీ గారి గదిలోకి వెళ్లి, "ఇక మీటింగు జరిగితేనే రాస్తానండీ, జరక్కపోతే రాయను" అని చెప్పొచ్చారు. ఆ మాట అనడానికి ఆయనకు అన్నేళ్లు పట్టింది. బయటికొచ్చి వరసగా రెండు గ్లాసుల మంచినీళ్లు తాగారు.

మా వీధిలో సినిమావాళ్లకు బట్టలు కుట్టే అక్క రోజూ నా దారి కాసేది. "ఏం బిడ్డా, మా పైసలు ఉన్నయా, మునిగినయా? నువ్వు గాడ్నే పనిచేస్తవ్ గద, జర నిజం చెప్పరాదు" అనేది. "ఫికర్ చేయకక్కా" అనేదాన్ని. నాకే తెలియదు, ఆమెకేం చెప్పను!

భార్యకు కంటి ఆపరేషన్ అని సెక్రటరీ గారు రెండు రోజులు సెలవు పెట్టారు. బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టి, "నేను లేనప్పుడు ఆ పుస్తకం బీరువా దాటకూడదు తల్లీ" అన్నారు. మర్నాడే ఎండీ గారు పిలిచారు. ఆయన బావమరిది తీసే సినిమాకు ఎప్పుడో ఇచ్చేసిన పెద్ద అప్పుంది. క్రితం వారం మీటింగు జరిగి, బోర్డు దానికి ఒప్పుకున్నట్టు రాయమన్నారు.

"సెక్రటరీ గారికి ఫోన్ చేసి ఒక్కమాట అడుగుతానండీ" అన్నాను.

"ఆయన్ని అడగడానికా నీకు జీతమిచ్చేది? రాయలేకపోతే చెప్పు, రాసేవాళ్లు బోలెడుమంది."

నాన్న మందులు కళ్లముందు ఆడాయి. రాశాను. నా దస్తూరీతోనే రాశాను.

ఆ రోజు చైర్మన్ గారిది జమీందారు వేషం. వీలునామా మీద సంతకం పెట్టే సీను, పొద్దుట్నుంచీ టేకుల మీద టేకులు. తలపాగాతోనే వచ్చి పుస్తకం మీద సర్రున సంతకం గీసి, "మంచిదేగామ్మా ఇది?" అన్నారు. చదవలేదు. అవతల షాట్ రెడీ అని కేకలు. నేనూ చూడలేదు. సిరా మీద ఉఫ్ మని ఊది మూసేశాను.

సెలవు నుంచి వచ్చిన సెక్రటరీ గారు పుస్తకం తెరిచి నన్ను పిలిచారు. "అమ్మాయ్, ఈ వేంకటాద్రి భూపతి గారెవరు? మన చైర్మన్ ఎప్పుడయ్యారు?"

వంగి చూశాను. పొద్దుట్నుంచీ జమీందారుగా సంతకాలు పెట్టీ పెట్టీ ఆ మహానుభావుడు మా పుస్తకంలోనూ జమీందారు సంతకమే పెట్టేశాడు! ఇంకో రోజైతే నవ్వలేక చచ్చేవాళ్లం. ఆ రోజు నేను ఏడ్చేశాను, జరిగిందంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అన్నేళ్లు నేను ఊరుకోబట్టే నీకిది మామూలు పనిలా కనిపించింది" అన్నారు.

సంగతి తెలిశాక ఎండీ గారు ఊరుకుంటారా! "సోమవారం తనిఖీ. ఆ పేజీ చింపేసి కొత్తది రాయండి" అన్నారు.

"అరవై తర్వాత అరవై రెండు వస్తే అడగరాండీ? అడక్కపోయినా నేను చింపను" అన్నారు సెక్రటరీ గారు.

ఆ శని ఆదివారాలు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలుసు. రాసింది నేను, మోసింది నేను. వీధిలో జీపు చప్పుడైతే నాకోసమే అనుకున్నాను. అన్నం సయించలేదు. ఏమైందే అని నాన్న అడిగితే కడుపునొప్పి అన్నాను. నేను జైలుకెళితే ఆయన్ని మంచం మీంచి లేపేదెవరు? అదొక్కటే ఆలోచన.

సోమవారం వచ్చిన అధికారి ఆ పేజీ దగ్గర ఆగారు. "సంతకానికి దీన్ని ఎవరు తీసుకెళ్లారు? ఈ దస్తూరీ ఎవరిది?" అని గట్టిగా అడిగారు. నేను తలుపు పక్కనే ఫైళ్లు పట్టుకుని నిలబడ్డాను. నాదే అనాలి. అనలేదు.

"కంపెనీ దస్తూరీ అండీ. చెప్పి రాయించింది ఎండీ గారు" అన్నారు సెక్రటరీ గారు. పెన్ను తీసి, ఆ జమీందారు సంతకం కిందే నాలుగు వరుసలు రాసి చదివారు. "ఈ మీటింగు జరగలేదు. ఇంతకుముందు రాసిన చాలా మీటింగులూ జరగలేదు. తెలిసీ ఊరుకున్నాను. ఈ పుస్తకాన్ని బీరువా దాటనిచ్చిన తప్పు నాది."

అందులో ఒక్క అబద్ధం లేదు. నా పేరూ లేదు.

ఆ పేజీ మిగలబట్టే అప్పు ఎవరికి పోయిందో బయటపడింది. కోర్టు ఆ బావమరిది ఆస్తి అమ్మించి, డిపాజిట్‌దారులకు కొంతైనా వెనక్కి ఇప్పించింది. మా వీధి అక్కకు పెట్టిందంతా రాలేదు, కొత్త కుట్టుమిషను కొనుక్కునేంత వచ్చింది. సెక్రటరీ గారి ఉద్యోగం పోయింది. విచారణలు ఏళ్లపాటు సాగాయి, ఏ కంపెనీ ఆయన్ని పిలవలేదు. యూసుఫ్‌గూడ ఇంటి ముందుగదిలో కంపెనీ సెక్రటరీ పరీక్షకు పాఠాలు చెప్పుకుని బతికారు. మొదటి స్టూడెంటుని నేనే. ఫీజు ఇవ్వబోతే "ముందు పాసవ్వు" అనేవారు. పాసయ్యాక "ఇప్పుడెందుకు?" అన్నారు. ఇవాళ నేనూ ఓ కంపెనీ సెక్రటరీనే. ఎవరైనా సంతకానికి పుస్తకం తెస్తే ఇప్పటికీ రెండుసార్లు చదివితే గానీ పెన్ను తీయను.

పాసైన రోజు ధైర్యం చేసి అడిగాను. "ఆ రోజు నా పేరు ఎందుకు రాయలేదు సార్?"

ఆయన టీలో బిస్కెట్టు ముంచుతూ, "ఆ పేజీలో జాగా లేదమ్మాయ్" అన్నారు.

ఆ రోజు భయపడి నోరు మెదపలేదు, క్షమించండి సార్ అనాలి. గొంతుదాకా వచ్చింది, టీతో పాటు మింగేశాను. మొన్న బుధవారం సమాధి దగ్గర కూడా, అందరి మధ్యా, పైకి అనలేకపోయాను.

జాగా లేకేం! ఆయన రాసిన నాలుగు వరుసల కింద సగం పేజీ తెల్లగా మిగిలింది. అధికారి చూస్తుండగానే స్కేలు అందుకుని, ఈ మూల నుంచి ఆ మూలకు ఒకటే గీత గీశారు. ఆ తర్వాత ఎవరూ వచ్చి అందులో ఇంకో పేరు రాయకుండా.