షెల్టరు వెనక నీడ

మా పల్లె నుంచి మిరపకాయల గోడౌన్లకి పోయే రోడ్డు మీద ఒకప్పుడు చింతచెట్లు ఉండేవి. రెండు వైపులా ఉండేవి. ఎవరు నాటారో మా మామగారిక్కూడా తెలియదు. నేను కాపురానికి వచ్చేనాటికే వాటి కొమ్మలు పైన ఒకదాంట్లో ఒకటి దూరిపోయి ఉన్నాయి. రోహిణీ కార్తెలో కూడా ఆ రోడ్డు మీద మనుషులు మాట్లాడుకుంటూ నడిచేవాళ్ళు. చెట్లు పోయాక మాటలు ఆగిపోయాయి. నోరు తెరిస్తే వేడిగాలి లోపలికి పోతుంది, ఇంకేం మాట్లాడతారు?

పల్లె అంటే గుంటూరు అంచున, నల్లపాడు పోయే వైపు. మధ్యలో చర్చి, దానికి అటూ ఇటూ ఇళ్ళు. మగవాళ్ళు పొలం కూలికో, గోడౌన్లలో టిక్కీలు మోయడానికో పోయేవాళ్ళు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతం. ఆడవాళ్ళం ముచ్చికలు తీయడానికి పోయేవాళ్ళం. కాయకి పైనుండే తొడిమని తుంచి, ఎర్రకాయ ఒక కుప్పలో, తెల్లబోయిన తాలుకాయ ఇంకో కుప్పలో వేయడం. కూర్చుని చేసే పనే గదా అంటారు చూసినవాళ్ళు. కూర్చుంటే తెలుస్తుంది.

ఆ పనికి ఒక కట్టడి ఉంది. పనిలో దిగాక ఇంటికొచ్చేదాకా చేతులు మొహానికి తగలకూడదు. కొంగు కూడా తగలకూడదు. ఒంటిమీద గుడ్డంతా కారమే. చెమట పడితే భుజం ఎత్తి రవిక చేతికి తుడుచుకోవాలి. ఇంటికొచ్చాక ముందు ఆముదం రాసి, బూడిదతో రుద్ది, ఆ తర్వాతే నీళ్ళు. ఇది తెలియక మొదటి ఏడు నేను కళ్ళు నలుపుకుని గోడౌన్ గుమ్మంలో దొర్లి ఏడ్చాను. మా తోడికోడలు నా రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకుంది, మళ్ళీ నలుపుకోకుండా.

"ఏడు. బాగా ఏడు. కన్నీళ్ళే కడుగుతాయి," అంది.

ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. మా ఆయన అన్న భార్య. నాకంటే పెద్దది, పొడగరి, మాట తక్కువ. ఆమె చేసే పని ఒకటి మాలో ఎవరూ చేసేవాళ్ళు కాదు. అన్నం డబ్బాని ఒక తెల్లగుడ్డలో చుట్టి, పనిలో దిగకముందే విప్పి, అన్నం తినేసి, ఆ గుడ్డని మడిచి ఖాళీ డబ్బాలోనే పెట్టి మూతేసేది. దారిలో మొహం తుడుచుకోడానికి. కారం తగలని గుడ్డ అదొక్కటే. మేము నవ్వేవాళ్ళం, దొరసాని రుమాలు అని.

ఎనభైల మొదట్లో రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. లారీలు ఎక్కువయ్యాయి, నిజమే. ఒక లారీకి ఇంకో లారీ ఎదురైతే మేము చెట్ల బోదెల వెనక నక్కాల్సి వచ్చేది. చెట్లు వేలం వేశారు. మొద్దులు పాడుకున్నవాడు పట్టుకుపోయాడు, కొమ్మలు మాకు వదిలేశాడు. ఆ వారం మా పల్లెలో పండగే. ఆడామగా అందరం మోపులు కట్టి మోసుకొచ్చాం. అక్క అయితే ఇంటి వెనక తడికెత్తున పేర్చింది. రెండేళ్ళదాకా పొయ్యికి కొదవలేదు అనుకున్నాం. చెట్టు పోతుందని ఎవరూ బాధపడలేదు. రోడ్డు నున్నగా, నల్లగా, కొత్త గుడ్డలా వచ్చింది. దాని మీద లారీలకి చోటుంది, బస్సులకి చోటుంది. నడిచేవాళ్ళకి ఎక్కడ అని అడగాలని కూడా మాకు తోచలేదు. ఎప్పుడూ నడిచాం గదా, ఇప్పుడూ నడుస్తాం అనుకున్నాం.

ఆ ఎండాకాలం తెలిసింది. గోడౌన్‌కి రేకుల కప్పు. మధ్యాహ్నానికి లోపల ఘాటుకి ఊపిరాడదని షావుకారు ఒంటిపూట పని పెట్టాడు. తెల్లారగానే పనిలో దిగి, రెండింటికి బయటపడటం. దయతలిచే చేశాడు. దాంతో సరిగ్గా ఎండ మాడే వేళకి మేము రోడ్డు మీద ఉండేవాళ్ళం. తారు మెత్తబడి చెప్పుకి అంటుకునేది. చెప్పులేని వాళ్ళు పక్కన కంకరలో నడిచేవాళ్ళు.

బస్సు ఎక్కొచ్చు గదా అంటారు. ఎక్కాం. కండక్టరు మధ్యలో దింపేశాడు.

"మీరెక్కితే బస్సంతా తుమ్ములే అమ్మా. డ్రైవరు తుమ్మితే అందరం పోతాం. దిగండి, దిగండి."

అబద్ధం కాదు. మా గుడ్డలు విదిలిస్తే చాలు, వెనక సీటు దాకా దగ్గేవాళ్ళు.

ఇంకో సంగతి ఉంది. పుస్తకంలో రాయొచ్చో రాయకూడదో గానీ, అదే అసలు సంగతి కాబట్టి రాస్తున్నాను. గోడౌన్లో ఆడవాళ్ళకి దొడ్డి లేదు. ఇదివరకు దారిలో చింతబోదె చాటు ఉండేది. లావుపాటి బోదె వెనక కూర్చుంటే ఎవరికీ కనపడం. ఇప్పుడు పల్లెదాకా ఒక్క చాటు లేదు. అందుకని నీళ్ళు తాగడం మానేశారు ఆడవాళ్ళు. పొద్దున ఇంట్లో కాస్త గంజి, అంతే. గోడౌన్లో కుండ ఉండేది, నిండుగా, చల్లగా. ఎవరూ ముట్టేవాళ్ళు కాదు.

"కాస్త తాగక్కా, పెదాలు చూడు ఎట్లా పగిలాయో," అన్నాను ఒకరోజు.

"తాగితే పోవాలి. ఎక్కడికి పోతావే? నడిరోడ్డు మీద కూర్చుంటావా లారీవాళ్ళ ముందు?"

పక్కనున్న మామ్మ నవ్వింది. మామ్మ మా పల్లెలో అందరికీ మామ్మే. పళ్ళు లేవు, భయం అంతకన్నా లేదు. "నా వయసు రానీయవే. నడిరోడ్డు మీద కూర్చున్నా ఎవడూ చూడడు," అంది.

అక్క పడిపోయింది ఆ తర్వాత కొద్ది రోజులకే. రోడ్డు కింద కాలవ తూము దాటాక, ఇదివరకు అన్నిటికన్నా పెద్ద చెట్టు ఉండే చోట. ముందు నడక తప్పింది. తాగినవాడిలా రోడ్డు మధ్యకి పోయింది. నేను చెయ్యిపట్టి లాగితే ఆమె ఒళ్ళు సెగలా తగిలింది నాకు. చెమట లేదు. పొద్దుటినుంచి తడిసి ఉండాల్సిన రవిక పొడిగా ఉంది. "చెట్టు కింద కూర్చుంటానే" అంది. లేని చెట్టు వైపు నడిచి, కంకర మీద కూలబడింది.

మేము ఆరేడుగురం. అందరం చుట్టూ నిలబడ్డాం, మా నీడ ఆమె మీద పడేటట్టు. అంతకుమించి నీడ లేదక్కడ. రిక్షా అతను ఒకడు చూసి ఆపి, తన నీళ్ళ డబ్బా ఇచ్చాడు. మామ్మ ఆ నీళ్ళతో కొంగు తడిపి అక్క మొహం తుడిచింది. నుదురు, కళ్ళు, పెదాలు. ఎవరైనా చేసే పనే. మనిషి పడిపోతే కొంగు తడిపి మొహం తుడవడం చిన్నప్పటినుంచి చేతికి వచ్చిన పని. ఆ కొంగు ఏ కొంగో ఎవరికీ గుర్తులేదు.

అక్క కేకపెట్టింది. తెలివి పోబోతున్న మనిషికి ఆ మంటతో తెలివి వచ్చింది. రెండు చేతులూ కళ్ళ మీదికి పోయాయి, ఆ చేతులూ కారమే. ఒకప్పుడు ఆమె నాకు చేసినట్టు నేను ఆమె చేతులు వెనక్కి పట్టుకున్నాను.

"కళ్ళు, కళ్ళే..." అంది. అవే ఆమె ఆఖరి మాటలు.

రిక్షాలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ వాళ్ళు చేయాల్సింది చేశారు. సూదులు గుచ్చారు, తడిగుడ్డలు చుట్టారు. పొద్దుగూకకముందే పోయింది. ఆమె అన్నం డబ్బా నా ఒళ్ళో ఉంది. ఎందుకో మూత తీశాను. తెల్లగుడ్డ మడతపెట్టి ఉంది. మామ్మ చూసింది. డబ్బా నా చేతిలోంచి తీసుకుని మూత పెట్టేసింది.

అక్క పేర్చుకున్న చింతకొమ్మలతోనే మర్నాడు ఆమె ఆఖరి స్నానానికి నీళ్ళు కాచాం. ఇంకా సగం కూడా అయిపోలేదవి.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు మాలో కొందరిని వెంటబెట్టుకుని రోడ్ల ఇంజనీరు ఇంటికి తీసుకుపోయారు. ఆ ఇంజనీరు చెడ్డవాడేం కాదు. ఆదివారమని చెప్పి గెంటకుండా తన ఇంటి వరండాలోనే కుర్చీలు వేయించాడు. మేము కింద కూర్చున్నాం.

"చెట్లుంటే లారీలు గుద్దుకుంటాయమ్మా. ప్రాణాలు పోతాయి," అన్నాడు.

మామ్మ లేచి నిలబడింది. అక్క పోయినప్పటినుంచి ఆమె నోరు విప్పడం అదే.

"లారీవాడికి కప్పుంది బాబూ. పక్కన నీళ్ళ సీసా ఉంది. వాడికి పోయాలనిపిస్తే బండి ఆపి దిగుతాడు. వాడి ప్రాణం కోసం ఇంత చేశారు, మంచిదే. మరి కాళ్ళతో నడిచేవాళ్ళు ఆ రోడ్డు మీద ఉన్నారని మీ కాగితంలో ఎవరైనా గీశారా?"

ఇంజనీరు పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు ఆపలేదు. మేము అడిగింది మూడు. పక్కన చెట్లు, మధ్యలో ఒక కుళాయి, ఆడవాళ్ళకి ఒక చాటు. ఆయన తల ఊపాడు. చేతనైనంత చూస్తానన్నాడు.

ఆ వానలకి మొక్కలు వచ్చాయి. కంప చుట్టలేదు, మేకలు తినేశాయి. కుళాయి రాలేదు. చాటు గురించి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు, మగవాళ్ళకి సిగ్గు. పై ఏటికి బస్సు షెల్టరు మాత్రం వచ్చింది. తూము దగ్గరే, అక్క పడిపోయిన చోటికి కాస్త ఇవతల. సిమెంటు కప్పు, సిమెంటు బెంచీ, మూడువైపులా గోడ, పైన ఎవరో దాత పేరు. చూసి ఏడుపొచ్చింది మాకు, సంతోషంతో.

ఎండాకాలం వచ్చాక అర్థమైంది. ఊళ్ళో అన్ని షెల్టర్లకీ ఒకటే ప్లానట. రోడ్డు వైపు ముఖం పెట్టి కడతారు. ఇక్కడ రోడ్డు పడమర ఉంది. మేము చేరే వేళకి ఎండ నేరుగా లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంటుంది. సిమెంటు కాలుతుంది. మూడు గోడల మధ్య గాలి ఆడదు. బస్సు అక్కడ ఎటూ ఆగదు. నీడ పడేది వెనక, కాలవ గట్టున. మురుగు కాలవ. మేము ఆ గోడకి ఆనుకుని, కాలవ వైపు కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. అక్క పేరు చెప్పుకుంటే వచ్చిన షెల్టరుకి వెనక కూర్చున్నాం.

అక్క కూతురు అప్పటికి పనిలోకి వచ్చింది. తల్లి చోటు, తల్లి డబ్బా. తల్లిలాగే పొడగరి, తల్లిలాగే నీళ్ళు ముట్టదు. మొదటిరోజే షెల్టరు లోపలికి పోయి బెంచీ మీద కూర్చుంది.

"లేవే, ఎండ!" అన్నాను.

"కూర్చోడానికే గదా పిన్నీ కట్టింది? కాలవ పక్కన కుక్కల్లా ఎందుకు కూర్చోవాలి?"

"నీకు మర్యాద కావాలా, ప్రాణం కావాలా?"

"రెండూ కావాలి."

చెయ్యి పట్టి వెనక్కి లాక్కొచ్చాను. పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి, చీలికల్లో నెత్తురు. తల్లివి అట్లాగే ఉండేవి. నేను వెంట తెచ్చిన సీసాలో నీళ్ళు నోటి దగ్గర పెడితే తల తిప్పేసింది. ఎందుకు తిప్పిందో అక్కడున్న అందరికీ తెలుసు.

మామ్మ లేచింది. "లేవండే అందరూ," అంది. గోడ వైపు వీపులు పెట్టి కాదు, ఆ పిల్ల వైపు వీపులు పెట్టి నిలబడమంది. చుట్టూ నిలబడ్డాం. కొంగులు చేతుల్లో పట్టుకుని చాపాం, ఒకరి కొంగు ఇంకొకరి చేతికి ఇచ్చి. గోడ దాచని పక్కలనుంచి కూడా రోడ్డుకి కనపడని చోటు తయారైంది.

"తాగు. సీసా అంతా తాగు. రేపు గోడౌన్లో కూడా తాగు. ఇక్కడిదాకా ఆపుకో, చాలు. రోజూ నిలబడతాం," అంది మామ్మ.

పిల్ల తాగింది. ఏడుస్తూ తాగింది. భుజానికి కళ్ళు తుడుచుకుంది.

నాకు అప్పటికి నలభై దాటాయి. పాస్టరమ్మగారు ఆదివారం ఆరాధన అయ్యాక మాకు అక్షరాలు చెబుతున్నారు, కూడబలుక్కుని చదవడం అప్పుడే వస్తోంది. షెల్టరు వెనక గోడ మీద నల్లరంగుతో పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి. కొంగు పట్టుకుని నిలబడ్డ చోటినుంచి అవి నాకు ఎదురుగా ఉన్నాయి. పెదాలు కదుపుతున్నాను. మామ్మ చూసింది.

"ఏం రాశారే?"

"ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు."

"అంటే?"

"ఇక్కడ పోయొద్దని."

మామ్మ కొంగు ఇంకాస్త పైకెత్తింది. "మరెక్కడ పోయాలో రాశారేమో చూడు."

గోడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాను. రాయలేదు.