అబ్బ నావకు దప్పికైన ఎండాకాలం

ఆ రోజుల్లో, చేతిలో ఇంజినీరింగ్ డిప్లొమా ఉంటే చాలు, పాడైన దేన్నైనా బాగుచేయొచ్చని నాకు గట్టి నమ్మకం (ఇప్పుడు కారే కొళాయికి కూడా మనిషిని పిలుస్తాను). మా ఊరు కర్నూలు వైపు, శ్రీశైలం డ్యాం వెనక నీళ్ల అంచున ఉంటుంది. అబ్బ, అంటే మా నాన్నకు నాన్న, ఆ నీళ్లలో తెరచాప నావ మీద చేపలు పట్టి ఇంటిల్లిపాదినీ సాకాడు. ఇంజన్ పడవలు వచ్చాక నావ కొట్టంలో చేరింది, అందులో కోళ్లు గుడ్లు పెట్టుకునేవి. ఒక ఎండాకాలం అబ్బకు చూపు మందగించడం మొదలైంది. పూర్తిగా పోయేలోపు ఒక్కసారైనా తన చేత్తో తెరచాప ఎత్తాలని పట్టుబట్టాడు. కోళ్లను ఖాళీ చేయించి నేను పనిలోకి దిగాను.

పుచ్చిన పలకలు మార్చి, సందుల్లో దూది కుక్కి, తారు పూసి, ఇక తిరుగులేదనుకుని కాసిని నీళ్లు పోసి చూశాను. అన్ని వైపులా కారిపోయాయి. అబ్బ నవ్వలేదు (అదే నాకు ఎక్కువ బాధ). "చెక్క ఎండిపోయిండాదప్పా. నీళ్లు తాగి ఉబ్బితే సందులు అవే మూసుకుంటాయి," అన్నాడు. డ్యాం నీళ్లేమో ఆ ఎండలకు చాలా దూరం వెనక్కి పోయాయి, మధ్యలో ట్రాక్టరు దిగబడేంత బురద. నేను తెలివిగా ట్యాంకర్ పిలిపించి నావ నిండా నీళ్లు పోయించాను. తాగేనీళ్ల కోసం బిందెలు వరసపెట్టుకున్న ఊళ్లో అదెంత ఘనకార్యమో కాసేపటికే తెలిసింది. వీధిలో ఆడవాళ్లంతా వచ్చేశారు. అందరికంటే ముందు మా చిన్నమ్మ నావలో బిందె ముంచి, "ఏమప్పా, నీ నావకు దప్పికంట. మా పిల్లోళ్లకు కాదా?" అంది. చూస్తుండగానే నావ అడుగు కనబడింది.

అబ్బ మాత్రం పట్టు వదల్లేదు. గోడ పట్టుకుంటూ వచ్చి, "మంచినీళ్లు మీరే తాగండమ్మా. బియ్యం కడిగిన నీళ్లు, గుడ్డలు జాడించిన నీళ్లు యాడ పారబోస్తాండారు? అవి ఈడ పోయండి," అని చిన్నమ్మను అడిగాడు. చిన్నమ్మ మర్నాడు పొద్దున్నే కడుగునీళ్లు తెచ్చి నావలో పోసింది, ఆమె వెనకే వీధి వీధంతా పోయడం మొదలుపెట్టింది. నేను తడి గోనెసంచులు కప్పుతూ కాపలా కాశాను. వానలు పడి డ్యాం నిండేసరికి నావ కారడం మానేసింది. సబ్బూ కుడితీ కలిసిన వాసన మాత్రం పోలేదు. చేపలు ఆ వాసనకే ఎగబడి వస్తాయని చిన్నమ్మ నాకు ధైర్యం చెప్పింది.

నావను నీళ్లలోకి దించాక అబ్బ తాడు లాగి తెరచాప ఎత్తాడు. అది గాలికి నిండిందో లేదో ఆయనకు కనిపించడం లేదని నాకప్పుడు అర్థమైంది. నిండిందని చెప్పబోయాను. "చెప్పొద్దప్పా. తాడు చెప్తాండాది," అన్నాడు. ఆయన ముఖం చూసి నాకు ఏడుపు ఆగలేదు. ఈత రానివాణ్ని, నావలోకి నీళ్లొస్తే తోడేయడానికి బకెట్ ఒళ్లో పెట్టుకుని, చుక్క నీరు లేని నావలో ఏడుస్తూ కూర్చున్న ఆ కుర్ర ఇంజినీరును తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నావ మునిగితే ఒక్క బకెట్‌తో డ్యాం మొత్తం తోడేద్దామనుకున్నాడు పాపం.