అమావాస్య నాడు పంపిన డాలర్లు

నేను సైన్సు టీచరుగా పనిచేసిన మాల్దీవుల్లో జీతం అక్కడి కరెన్సీ రుఫియాల్లో ఇచ్చేవారు. ఇంటికి పంపడానికి వాటిని డాలర్లుగా మార్చుకోవడం మన చేతుల్లో ఉండదు. బ్యాంకు ఇచ్చినప్పుడే, ఇచ్చినంతే. వారాల తరబడి అడిగితే ఒక గురువారం ఇస్తామన్నారు. శుక్ర, శనివారాలు అక్కడ బ్యాంకుకు సెలవు.

షామీర్‌పేటలో మా అక్క కోసం రెండు గదుల ఇల్లు బేరం చేసి ఉంచాం. మిగతా డబ్బు శుక్రవారం సాయంత్రంలోగా ముట్టకపోతే ఇల్లు వేరేవాళ్లకు పోతుంది. సూరారంలో అక్కావాళ్లుంటున్న అద్దె గదిని ఆ నెలాఖరుకు ఖాళీ చేయాలి.

ఆ గురువారం అమావాస్య.

ఇల్లు అమ్మే ఆయనది మేడ్చల్. పొలాలు అమ్మి ప్లాట్ల వ్యాపారంలోకి దిగినవాడు. అక్క ఆయన ఇంటి నుంచే ఫోన్ చేసింది.

"ఇయ్యాల ఆయన ఖాతాల పైసలు పడొద్దంట తమ్మీ. పడితె మనమిచ్చిన బయానా వాపస్ ఇచ్చి బేరం ఒద్దంటడంట."

నాకు ఒళ్లు మండింది. "నా పక్క గదిల తమిళ మాస్టారు ఏ పనైనా అమావాస్య నాడే మొదలుపెడతడు. ఆయనకొక చంద్రుడు, మనకొక చంద్రుడా? ఫోన్ ఆయనకియ్యి, నేను మాట్లాడుత."

"ఇయ్య."

"ఎందుకియ్యవు?"

"నువ్వే గెలుస్తవ్, నాకెర్కే. గెలిచినంక నేనేడుండాలె?"

మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో మాట్లాడి ఎంతోమంది నోళ్లు మూయించాను. ఫోన్ ఆయనకిమ్మని మాత్రం మళ్లీ అడగలేదు.

"పైసలు రేపే చేరుతయని చెప్పు" అన్నాను. నేనూ అదే నమ్మాను. అంతకుముందెప్పుడూ ఒక రోజు పట్టకుండా చేరలేదు. డాలర్లు తీసుకుని, ఆయన ఖాతాకు పంపించి, మా దీవికి వెళ్లే పడవ కోసం రేవు దాకా నడిచానో లేదో ఫోన్ మోగింది. డబ్బు చేరిపోయిందని సందేశం.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. పడవ వెళ్లిపోయింది.

చివరికి తనే చేసింది. గుసగుసగా మాట్లాడింది.

"ఆయన ఫోన్ టింగుమన్నది. జూసిండు. బోర్లేసిండు."

"ఏమన్నడు?"

"'గిది రేపు జూస్త. ఛాయ్ తాగు చెల్లె' అన్నడు."

శుక్రవారం పొద్దున ఆయన ఫోన్ తిప్పి చూసుకుని, పైసలు ముట్టినయన్నాడు. ఆ డబ్బు అమావాస్య రాత్రంతా ఆయన ఖాతాలోనే ఉందని, ఏ అరిష్టమూ జరగలేదని చెప్పాలని నాకు ఇప్పటికీ నోరు దురద పెడుతుంది. గృహప్రవేశానికి వెళ్లినప్పుడు భోజనాల్లో ఆయన కూర్చున్న వరసలో అక్క నన్ను కూర్చోనివ్వలేదు.